మూడు నిమిషాల పోరుకు బలమెంత? దమ్మెంత?

కరాటే, బాక్సింగ్, తైక్వాండో, జూడో... ఏ విద్యలో కొత్తగా చేరినా నెల తిరక్కముందే ఒక సందేహం మొదలవుతుంది. జిమ్‌కెళ్లి బరువులెత్తాలా, గ్రౌండుకెళ్లి పరుగెత్తాలా? రెండూ కావాలన్న సంగతి అందరికీ తెలుసు. ఏది ఎంత, ఏది ముందు అన్న లెక్క దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు.

1964 చివర్లో అమెరికాలోని ఓక్లాండ్‌లో ఓ చిన్న శిక్షణశాలలో ఒక పోరు జరిగింది. ఒకవైపు పాతికేళ్లయినా నిండని బ్రూస్ లీ, మరోవైపు వాంగ్ జాక్ మాన్ అనే మరో కుంగ్‌ఫూ గురువు. అది ఎంతసేపు సాగిందో, ఎవరు నెగ్గారో చూసినవాళ్లు తలా ఒక మాట చెప్పారు. లీ భార్య లిండా చెప్పిన ప్రకారమైతే మూడు నిమిషాల్లో ముగిసింది, గెలిచింది లీయే. కానీ గెలిచినవాడి ముఖంలో కళ లేదు. అంత చిన్న పోరుకే ఆయాసం ముంచుకొచ్చిందన్నది అతడి బాధ. అప్పటిదాకా చేతివేగాన్నీ ఒడుపునీ నమ్ముకున్న మనిషి ఆ తర్వాత పరుగు, తాడాట, సైకిల్, బరువులు అన్నీ పట్టాడు. మన గామా పహిల్వాన్ సాధన గురించి చదివి దండీలు, బస్కీలు కూడా చేర్చుకున్నాడంటారు.

కథ అక్కడితో అయిపోలేదు. 1970 ఆగస్టులో ఒకరోజు ఒళ్లు సరిగ్గా వేడెక్కించకుండానే దాదాపు 61 కిలోల బార్‌బెల్‌ని భుజాల మీద పెట్టుకుని నడుము వంచి లేవబోయాడు. ఆ బరువు ఇంచుమించు అతడి ఒంటి బరువంత. నడుము దగ్గర నరం దెబ్బతింది. ఇక కాలెత్తి తన్నడం కుదరదని డాక్టర్లు తేల్చేశారు. నెలల తరబడి మంచానికే పరిమితమయ్యాడు. ఆ డాక్టర్ల మాట తప్పని ఆ తర్వాతి సినిమాలు నిరూపించాయనుకోండి, కానీ నడుము నొప్పి మాత్రం చివరిదాకా వదల్లేదు. దమ్ము చాలక ఒకసారి, బరువు మోతాదు మించి మరోసారి ఇబ్బంది పడ్డది ఒకే మనిషి. పైగా తన ఒంటి గురించి ఎంతో శ్రద్ధగా నోట్సు రాసుకున్న మనిషి!

మరి మన పిల్లల సంగతి? ఆదివారం పొద్దున్నే మున్సిపల్ స్కూలు గ్రౌండులోనో, అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదో తెల్ల డ్రెస్సుల్లో పిల్లలు బారులు తీరే దృశ్యం విజయవాడలోనూ ఉంటుంది, వరంగల్లోనూ ఉంటుంది. చాలాచోట్ల క్లాసు నడిచే తీరూ ఒకటే. మొదట గ్రౌండు చుట్టూ పరుగు, తర్వాత దండీలు, ఆపైన బస్కీలు, ఒంట్లో ఇంకేమైనా మిగిలితే పంచులూ కిక్కులూ. ఈ వరసే తలకిందులుగా ఉంది. కొత్త కదలికను మెదడు నేర్చుకోవాలంటే ఒళ్లు తాజాగా ఉండాలి. కాళ్లు వణుకుతున్న పిల్లాడితో రౌండ్‌హౌస్ కిక్ వేయిస్తే తప్పుడు కిక్కే అలవాటవుతుంది. ఆ తప్పును దిద్దడానికి ఆరు నెలలు పడుతుంది.

అసలు బరిలో ఒంటికి ఏం అవసరమో చూద్దాం. అమెచ్యూర్ బాక్సింగ్‌లో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం విరామం. తైక్వాండోలో రౌండు రెండు నిమిషాలు. కుస్తీలో మూడేసి నిమిషాల భాగాలు రెండు. జూడోలో నాలుగు నిమిషాలు, అప్పటికీ తేలకపోతే గోల్డెన్ స్కోరు. ఇక దానికి గడియారంతో పన్లేదు, ఫలితం తేలేదాకా పోరే.

ఈ కాసేపట్లో కండరం మూడు దారుల్లో శక్తి తెచ్చుకుంటుంది. ఒక్క ఉదుటున దూకి తన్నడానికి కండరంలో అప్పటికే ఉన్న ఫాస్ఫేట్ నిల్వ చాలు, కానీ అది పది సెకన్లలో తరిగిపోతుంది. ఆ మీదట ఆక్సిజన్‌తో పని లేకుండా చక్కెరను విడగొట్టే దారి ఒకటుంది. నిమిషం, రెండు నిమిషాలు లాగుతుంది. చేతులు బరువెక్కి గార్డు కిందికి జారేది ఆ దశలోనే. మూడోది ఆక్సిజన్ దారి. నెమ్మదే, కానీ గంటల తరబడి నడుస్తుంది. తైక్వాండో చూస్తే అంతా మెరుపు దాడిలాగే ఉంటుంది కదా, మరి శక్తి ఎక్కణ్నుంచి వస్తోంది? బ్రెజిల్ పరిశోధకులు 2012లో నమూనా పోటీలు పెట్టి కొలిచారు. సుమారు 66 శాతం ఆక్సిజన్ దారి నుంచే వచ్చింది. ఫాస్ఫేట్ వాటా 30 శాతం, చక్కెర దారి వాటా నాలుగు శాతం. కిక్ వేయించేది ఫాస్ఫేట్ నిల్వే. అయితే ఒక కిక్‌కీ తర్వాతి కిక్‌కీ మధ్య, కాళ్లాడిస్తూ ఎదుటివాడిని కనిపెట్టే ఆ కొద్ది సెకన్లలో, ఖాళీ అయిన నిల్వను తిరిగి నింపేది ఆక్సిజన్. దమ్మున్నవాడి మూడో రౌండు కిక్కుకు మొదటి రౌండు వేగం ఉండటానికి కారణం ఇదే.

అలాగని పరుగు ఒక్కటే చాలదు. 1985లో సోవియట్ పరిశోధకులు 120 మంది బాక్సర్ల పంచ్‌ని కొలిచి, ఆ దెబ్బలో ఏ భాగం వాటా ఎంతో లెక్కగట్టారు. ఆరితేరినవాళ్ల పంచ్‌లో కాళ్ల వాటా దాదాపు 38 శాతం, చేతిది 24. కొత్తవాళ్ల దగ్గర లెక్క తిరగబడింది. కాళ్లది 17 శాతమే, చేతిది 38. అంటే కొత్తగా చేరినవాడు చేత్తో కొడతాడు, ముదిరినవాడు కాలితో నేలను తన్ని కొడతాడు. పంచ్‌లో పస లేదని కొత్త కుర్రాడు డంబెల్స్ పట్టుకుని కండలు ఉబ్బించడం ఎంత దారి తప్పిన పనో దీన్నిబట్టే తెలుస్తుంది. అతడికి కావాల్సింది కాళ్లలో, తుంటిలో, నడుములో బలం. దాంతోపాటు ఆ బలాన్ని పిడికిలి దాకా జారనివ్వకుండా తీసుకొచ్చే సాధన.

నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ ఈ ఆటకు రాకముందు పరుగు పందేల అమ్మాయి. క్రీడాకారుడైన తండ్రి జమీల్ అహ్మద్ దగ్గర స్ప్రింట్లు నేర్చుకుని, ఆ తర్వాత షంసముద్దీన్ శిక్షణలో గ్లౌజులు తొడిగింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత అయ్యింది. 2017లో భుజానికి గాయమై శస్త్రచికిత్స జరిగింది, రింగుకు చాలాకాలం దూరమైంది. అయినా 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో సీనియర్ ప్రపంచ టైటిళ్లు గెలిచింది. స్ప్రింటు అంటే నేలను కాలితో బలంగా వెనక్కి తన్నడమే. పంచ్ మొదలయ్యేదీ అక్కడే.

ఇప్పుడు అసలు తగాదా. బలం, దమ్ము రెండూ ఒకేసారి సాధన చేస్తే ఒకదాన్ని మరొకటి తినేస్తుందన్న భయం జిమ్ముల్లో బాగా ఉంది. దీనికి మూలం 1980లో వచ్చిన ఒక ప్రయోగం. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హిక్సన్ కొందరితో పది వారాలు బరువులు మాత్రమే ఎత్తించాడు, మరికొందరితో దమ్ము సాధన మాత్రమే చేయించాడు, మూడో జట్టుతో రెండూ చేయించాడు. మూడో జట్టుకి ఏడో వారం దాకా బలం బాగానే పెరిగింది. తర్వాత ఆగిపోయింది. చివరి రెండు వారాల్లో తగ్గడం మొదలైంది. 'కార్డియో చేస్తే కండ కరిగిపోతుంది' అనే మాటకు అప్పట్నుంచీ శాస్త్రం ముద్ర పడింది. కానీ ఆ మూడో జట్టు ఎంత చేసిందో ఎవరూ చెప్పరు. వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు నలభై నిమిషాల చొప్పున ఊపిరాడనంత తీవ్రమైన సైకిలూ పరుగూ! అంత చేస్తే ఎవరైనా కుదేలవక తప్పదు.

2022లో ఇలాంటి ప్రయోగాలెన్నో కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది వేరు. రెండూ కలిపి చేసినా కండ పెరుగుదలకీ గరిష్ఠ బలానికీ నష్టమేమీ కనిపించలేదు. మెరుపులాంటి పేలుడు బలం మాత్రం కొంత మందగించవచ్చు, అదీ ముఖ్యంగా రెండింటినీ ఒకే పూట చేసినప్పుడు. కనీసం మూడు గంటల ఎడం ఇస్తే ఆ ఇబ్బంది కనబడలేదు. బరిలో దిగేవారికి పేలుడు బలమే ప్రాణం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పొద్దున బరువులెత్తితే సాయంత్రం పరుగు, లేదా వేర్వేరు రోజులు. తప్పనిసరై ఒకే పూట చేయాల్సి వస్తే ముందు విద్య, తర్వాత బలం, ఆఖర్న దమ్ము.

నిజానికి కొత్తవాళ్లలో బలానికీ దమ్ముకీ మధ్య పోటీ తక్కువే. పోటీ అంతా కోలుకునే శక్తి కోసం. సంపాదన ఒకటే, ఖర్చులు మూడు అన్న సంసారం లాంటిది ఇది: క్లాసు, బరువులు, పరుగు. అందులో క్లాసు ఖర్చు ముందు తీసి పక్కన పెట్టాలి, మిగిలినదాంట్లోనే ఆ రెండూ. కరాటే నేర్చుకోవడానికి వచ్చినవాడు కరాటే క్లాసులో నీరసంగా నిలబడితే జిమ్‌లో ఎంత ఎత్తి ఏం లాభం?

వారానికి మూడు రోజులు క్లాసుకెళ్లే ఇంటర్ కుర్రాణ్నే తీసుకుందాం. అతడికి బరువులు రెండు రోజులు చాలు, గంట లోపు. కూర్చుని లేవడం, తుంటి దగ్గర మడిచి నేల మీది బరువెత్తడం, నెట్టడం, లాగడం, బరువు మోస్తూ నడవడం... ఇంతే. కొత్తవాళ్లు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు ఎత్తగల బరువుతో మొదలుపెట్టాలని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ కాలేజీ సూచన. అనుకున్నదానికంటే ఒకటి రెండుసార్లు ఎక్కువ ఎత్తగలిగిన రోజు బరువును రెండు నుంచి పది శాతం పెంచవచ్చు. మొదటి కొన్ని వారాల్లో అద్దంలో ఏ మార్పూ కనిపించదు గానీ ఎత్తే బరువు పెరుగుతుంటుంది. ఉన్న కండనే మెదడు బాగా వాడుకోవడం నేర్చుకునే దశ అది. అద్దాన్ని నమ్మి ఈ దశలో మానేసేవాళ్లే ఎక్కువ. లాగే వ్యాయామాన్ని మాత్రం మరవకూడదు. బాక్సింగ్, కరాటే రోజంతా ముందుకు నెట్టే విద్యలు. పైగా దండీలూ నెట్టడమే. గ్రౌండులో ఇనుప కడ్డీ పట్టుకుని వేలాడి పైకి లేవడం నేర్చుకుంటే భుజం వెనకభాగానికి దన్ను దొరుకుతుంది.

ఖరీదైన జిమ్ లేదనే బెంగ కూడా అక్కర్లేదు. ఉత్తరాంధ్ర ఊళ్లలో సంగిడి రాళ్లు, ఇసుక బస్తాలు ఎత్తే పోటీలు ఇప్పటికీ జరుగుతుంటాయి. కలియుగ భీముడనిపించుకున్న కోడి రామమూర్తి పుట్టిన వీరఘట్టం ఆ నేల మీదే ఉంది. ఆయన గుండెల మీద ఏనుగునెక్కించుకున్న సంగతే అందరూ చెబుతారు గానీ, ఊపిరిని పట్టి ఉంచే సాధన కూడా చేశారన్నది తక్కువమందికి గుర్తుంది. ఒకినావా కరాటే గురువులూ అంతే. కర్రకు బిగించిన రాతి దిమ్మను తిప్పేవారు, ఇసుక నింపిన జాడీలను వేళ్లతో పట్టి నడిచేవారు. మన గద, ముద్గరాలు చేసే పని కూడా దాదాపు అదే.

దమ్ము విషయంలో కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒక్కటే, ఎప్పుడూ మధ్యరకంగా పరుగెత్తడం. మాట్లాడలేనంత వేగం, కానీ నిజంగా గట్టిగా తీసే స్ప్రింటూ కాదు. దానికి బదులు వారంలో ఒకటి రెండుసార్లు పక్కవాడితో కబుర్లు చెప్పగలిగే వేగంతో అరగంట, ముప్పావుగంట పరుగో, సైకిలో, తాడాటో. ఇది చూసేవాళ్లకి సాధనలా అనిపించదు, మాస్టర్లకీ నచ్చదు. గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకునేది మాత్రం ఇందులోనే. రెండు మూడు నెలలు ఆ పునాది పడ్డాక, వారంలో ఒకసారి బ్యాగ్ మీదో ప్యాడ్ల మీదో రౌండ్ల లెక్కన తీవ్రంగా చేస్తే సరిపోతుంది. అది ఎలాగూ క్లాసులోనే కలిసిపోతుంది.

ఇక్కడ టబాటా గురించి ఒక మాట. ఇరవై సెకన్లు దంచుడు, పది సెకన్లు విరామం, నాలుగు నిమిషాల్లో మొత్తం అయిపోతుందని సెల్‌ఫోన్ వీడియోలన్నీ ఊరిస్తుంటాయి. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా 1996లో ప్రచురించిన అసలు ప్రయోగం వ్యాయామ విద్య చదివే కుర్రాళ్ల మీద, సైకిల్ యంత్రం మీద జరిగింది. ఈ పద్ధతి పుట్టింది జపాన్ స్పీడ్ స్కేటింగ్ జట్టు సాధనలో. ఒంటి ఆక్సిజన్ వాడకం గరిష్ఠానికి చేరే శ్రమ ఎంతో, అందులో 170 శాతం శ్రమతో తొక్కాలి. ఏడెనిమిది సార్లకు మించి ఎవరూ తొక్కలేరు. ఆరు వారాల్లో వాళ్లకి ఆక్సిజన్ సామర్థ్యమూ పెరిగింది, ఆక్సిజన్ లేకుండా లాగే సత్తా 28 శాతం పెరిగింది. ఐదు రోజుల్లో ఒక రోజు అరగంట మామూలు వేగంతో సైకిల్ తొక్కించారన్నది వీడియోల్లో ఉండదు. దాన్ని తెచ్చి, నిన్నగాక మొన్న చేరిన పిల్లలతో జంపింగ్ బస్కీల మీద ప్రయోగిస్తే మోకాళ్లు అరుస్తాయి తప్ప ఆ శ్రమస్థాయిలో పదో వంతు కూడా రాదు.

దీనికంటే ప్రమాదకరమైన అలవాటు ఒకటుంది, వ్యాయామాన్ని శిక్షగా వాడటం. ఆలస్యంగా వస్తే రెండొందల బస్కీలు, కటా (కరాటే కదలికల వరస) మరిచిపోతే వంద దండీలు. బడిలో గుంజీలు తీయించిన పద్ధతే డ్రెస్సు మార్చుకుని మ్యాట్ మీదికొచ్చింది. 2011 జనవరిలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టుతో సెలవుల తర్వాత వంద స్క్వాట్లు తీయించారు. ఒక్కొక్కరు ఎత్తగల గరిష్ఠ బరువులో సగం వేసి. కొద్ది రోజుల్లోనే 13 మంది ఆసుపత్రిలో చేరారు. కండరం చితికి అందులోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీల మీద పడే జబ్బు అది, పేరు రాబ్డోమయోలిసిస్. వాళ్లు ఏడాది పొడుగునా సాధన చేసే ఆటగాళ్లు. మరి వేసవి సెలవుల్లో మొదటిరోజు క్లాసుకొచ్చిన పన్నెండేళ్ల పిల్లాడి మాటేమిటి? కఠినమైన వ్యాయామం తర్వాత విపరీతమైన కండరాల నొప్పులతోపాటు మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే నిమ్మరసం తాగించి పడుకోబెట్టకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పైగా మనకు క్యాంపులు నడిచేది ఏప్రిల్, మే నెలల్లో. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. మొదటి వారమే పూర్తి మోతాదు సాధన పెట్టే క్యాంపుకి పిల్లల్ని పంపకపోవడమే మేలు.

బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారని ఇంకా నమ్మే అమ్మానాన్నలున్నారు. సరైన పర్యవేక్షణలో, తగిన మోతాదులో చేస్తే ఎదుగుదలకు హాని జరుగుతుందనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం స్పష్టంగానే చెప్పింది. ఐదు నుంచి పదిహేడేళ్ల వారు వారంలో కనీసం మూడు రోజులు కండలకీ ఎముకలకీ పని చెప్పాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లోని మాట. ఇక ఆడపిల్లలకెందుకు బరువులు అనేవాళ్లకు శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి పాతికేళ్ల కిందటే సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలతో జవాబు చెప్పేసింది.

తిండి దగ్గర పెద్ద రహస్యాలేం లేవు. వ్యాయామం చేసేవారికి ఒంటి బరువులో కిలోకి 1.4 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ సరిపోతుందని క్రీడా పోషకాహార నిపుణులంటారు. గుడ్లు, పప్పు, పెరుగు, శనగలు, చేపతో చాలావరకు వచ్చేస్తుంది. కండల కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనే ఉంది. పదిహేడేళ్ల కుర్రాడికి పొడి కంటే ఎనిమిది గంటల నిద్ర ముఖ్యం. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి ఐదింటికి పరుగుకెళ్లడాన్ని క్రమశిక్షణ అనుకోవడం మానాలి.

బరువు కోతల సంగతి కొత్తవాళ్లకి అసలు అక్కర్లేదు. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు రబ్బరు సూట్లు వేసుకుని, నీళ్లు మానేసి చెమటలు కార్చి బరువు దించుకోబోయి నెల రోజుల తేడాలో చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ ఆ సూట్లను నిషేధించి తూకం నియమాలు మార్చారు. పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్‌ని ఫైనల్‌కి దూరం చేసిన 100 గ్రాములు మనవాళ్లెవరూ మరిచిపోలేదు. అది ప్రపంచస్థాయి క్రీడాకారిణికి, డాక్టర్లూ డైటీషియన్లూ చుట్టూ ఉండగా ఎదురైన పరిస్థితి. జిల్లా స్థాయి పోటీకి మొదటిసారి వెళ్తున్న పిల్లాణ్ని ఒక బరువు తరగతి పైకి పంపితే పోయేదేముంది?

అన్నిటికంటే మన దగ్గర గట్టి అడ్డంకి ఫిబ్రవరిలో వస్తుంది. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు దగ్గరపడగానే క్లాసు బంద్. ఏప్రిల్లో తిరిగొచ్చేసరికి ఏడాది కష్టం గాల్లో కలిసిపోయిందని పిల్లలు దిగులు పడతారు. అంతా మానాల్సిన అవసరం లేదని చెప్పే ప్రయోగాలున్నాయి. రెండూ కలిపితే తగాదా అని చూపించిన హిక్సనే ఆ మరుసటేడు ఇంకో సంగతి తేల్చాడు. వారానికి ఆరు రోజులు చేసే దమ్ము సాధనను తీవ్రత తగ్గించకుండా రెండు రోజులకు కుదించినా, పదిహేను వారాలపాటు ఆక్సిజన్ సామర్థ్యం నిలిచింది. బలానికైతే ఒక్క రోజు చాలని 2011లో అలబామా విశ్వవిద్యాలయం పరిశోధన చూపింది. నాలుగు నెలలు వారానికి మూడు రోజులు బరువులెత్తిన యువకులు ఆ తర్వాత వారానికి ఒక్క రోజే ఎత్తి, ఎనిమిది నెలలు బలం నిలబెట్టుకున్నారు. అంటే పరీక్షల కాలంలో ఆదివారం పొద్దున ముప్పావుగంట బరువులు, మధ్యలో రెండు సాయంత్రాలు ఇరవై నిమిషాల గట్టి తాడాట. మిగతా సమయమంతా పుస్తకాలకే. తిరిగి క్లాసులో అడుగుపెట్టిన మొదటి వారం మాత్రం పాత మోతాదులో సగంతో మొదలుపెట్టి, స్పారింగ్‌ని రెండో వారానికి వాయిదా వేయమని మాస్టర్‌ని అడగాలి.